నోరు తీపి అడిగితే ఏం నమలాలి?

(రాత్రి బడిలో అక్కచెల్లెళ్ళకు చెప్పిన మాటలు)

అందరూ వచ్చారా? వెనక ఉన్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. ఫ్యాను కింద చోటుంది.

వాచకం తెరిచే ముందు ఈ రోజు ఒక సంగతి చెప్పాలి. పోయిన వారం ఒక అత్త నన్ను చూసి, "ఏమ్మా టీచరమ్మా, మేక ఆకు నమిలినట్టు ఎప్పుడూ ఏదో నములుతుంటావు, ఏంటది?" అని అడిగింది. "చూయింగ్ గమ్ అత్తా" అన్నాను. "చదువు చెప్పేదానివి, చిన్నపిల్లలా బబుల్‌గమ్ములు నమలడమేంటి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు జవాబు చెప్పడానికి టైము లేకపోయింది. ఈ రోజు చెబుతాను.

ఆ అలవాటు నాది కాదు. మా అమ్మ కోసం మొదలైంది.

మా అమ్మకు షుగర్ ఉంది. మూడేళ్ళ కిందట తెలిసింది. మిరపకాయల కోతకు వెళ్ళినప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుంది. పుండు పడింది. పసుపు పెట్టింది. ఆకు పసరు పోసింది. నెల దాటినా మానలేదు. అప్పుడు తీసుకెళ్ళి రక్త పరీక్ష చేయిస్తే, పరగడుపున షుగర్ 214 వచ్చింది.

పరగడుపున 126 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ జబ్బు కింద లెక్క. డాక్టరు ఇంకోసారి కూడా పరీక్ష చేయించి ఖాయం చేస్తారు. ఈ 126 అంకెను పలక మీద రాసుకోండి. రేపు మీ చేతికి పరీక్ష చీటీ వస్తే ఎవరినీ అడగక్కర్లేదు. మీరే చదువుకోవచ్చు.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే చెప్పింది. భారత వైద్య పరిశోధనా మండలి సాయంతో రాష్ట్రరాష్ట్రానా తిరిగి చేసిన సర్వే అది. ఇది పట్నం వాళ్ళ జబ్బు, డబ్బున్న వాళ్ళ జబ్బు అని మనం అనుకునేవాళ్ళం. కూలికి వెళ్ళే మా అమ్మకు వచ్చింది కదా!

డాక్టరుగారు బిళ్ళలు రాసిచ్చారు. చక్కెర, బెల్లం మానెయ్యమన్నారు. అమ్మ బిళ్ళలకు ఏడవలేదు. టీకి ఏడ్చింది. "మందులు ఎన్నయినా మింగుతాను గానీ, తీపి లేని టీ నా గొంతు దిగదే" అంది.

నేను అప్పుడు ఒక లెక్క వేశాను. మీరూ పలక మీద వెయ్యండి.

మా అమ్మ రోజుకు 6 గ్లాసుల టీ తాగేది. పొద్దున లేవగానే ఒకటి, పొలం వెళ్ళేముందు ఒకటి, పొలంలో రెండు, ఇంటికొచ్చాక ఒకటి, పొద్దుగూకాక ఒకటి. గ్లాసుకు 2 చెంచాల చక్కెర. ఆరు రెళ్ళు ఎంత? పన్నెండు. చెంచాకు సుమారు 5 గ్రాములు. పన్నెండు అయిదులు అరవై. అంటే రోజుకు 60 గ్రాములు. నెలకు? 60ని 30తో హెచ్చవేయండి. 1800 గ్రాములు. కిలో 800 గ్రాములు! ఒక్క మనిషి ఒక్క టీలో తాగిన చక్కెర ఇది. పండక్కి చేసుకున్న అరిసెలు దీనిలో లేవు.

ఎంత వరకు ఫరవాలేదు అని మీరు అడగొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక మాట చెప్పింది. పెద్దవాళ్ళు చక్కెర, బెల్లం, తేనె అన్నీ కలిపి రోజుకు సుమారు 50 గ్రాములు దాటకూడదు. 25 గ్రాములకు, అంటే 5 చెంచాలకు తగ్గిస్తే ఇంకా మంచిది. ఇది జబ్బు లేనివాళ్ళ సంగతి. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టే చెయ్యాలి.

"మేం చక్కెర వాడం, బెల్లం టీయే తాగుతాం" అనే వాళ్ళు ఇక్కడ ముగ్గురు, నలుగురు ఉన్నారు. నాకు తెలుసు. అక్కా, బెల్లమైనా రక్తంలో చక్కెరను పెంచుతుంది. తేనె అయినా అంతే. రంగు మారిందే గానీ గుణం మారలేదు. అన్నం కూడా లోపలికి వెళ్ళి చక్కెరగానే మారుతుంది. ఆ సంగతి పెద్దది. ఇంకో రోజు చెప్పుకుందాం.

ఇక నోటి సంగతికి వద్దాం.

తీపి మీద యావ ఎప్పుడు పుడుతుంది? గమనించారా? మా అమ్మను చూసి నేను రాసుకున్నాను. పొద్దున పది, పదకొండు గంటలకు ఒకసారి. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఒకసారి. సాయంత్రం ఇంటికి వచ్చి కూర్చోగానే ఒకసారి. పదకొండు గంటలప్పుడు పుట్టేది యావ కాదు, ఆకలి. పొద్దున చద్దన్నమైనా తినకుండా ఉత్త టీ తాగి పొలం వెళ్తే కడుపు ఊరుకుంటుందా? మగవాళ్ళకు పెట్టి, పిల్లలకు పెట్టి, మనం మాత్రం టీతో సరిపెట్టుకుంటాం. ఆకలికి చూయింగ్ గమ్ మందు కాదు. ఆకలికి తిండే మందు.

కానీ అన్నం తిన్నాక, సాయంత్రం కూర్చున్నాక పుట్టేది వేరు. కడుపు నిండే ఉంటుంది. నోరే అడుగుతుంది. అలవాటు పడిన నోరు అది. ఇలాంటి యావ చాలాసార్లు కాసేపట్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఆ కాసేపూ నోటికి ఏదో ఒక పని చెప్పాలి. మా అమ్మకు నేను చెప్పిన పని నమలడం.

ఇది నా సొంత తెలివి కాదులెండి. 2007లో బ్రిటన్‌లో కొందరికి మధ్యాహ్నం భోజనం అయ్యాక చూయింగ్ గమ్ ఇచ్చి నమిలించారు. ఇంకో రోజు ఇవ్వలేదు. రెండు రోజులూ తర్వాత చిరుతిళ్ళు పెట్టి చూశారు. గమ్ నమిలిన రోజున తీపి తిళ్ళు కొంచెం తక్కువ తిన్నారు. తీపి మీద మనసు కూడా కాస్త తగ్గింది. కొంచెమే సుమా! గమ్ నమిలితే షుగర్ తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది మందు కాదు. నోటికి ఒక ఆట, అంతే.

అసలీ చూయింగ్ గమ్ ఎక్కడిదో తెలుసా? మీకు సపోటా తెలుసు. పచ్చి సపోటాకాయ కొరికితే ఏమవుతుంది? పాలు పళ్ళకు అంటుకుని జిగురుజిగురుగా ఉంటుంది. ఆ చెట్టు మన దేశపుది కాదు. మెక్సికో, గ్వాటెమాలా అడవుల చెట్టు. అక్కడి వాళ్ళు మానుకు కత్తితో గాట్లు పెట్టి, కారిన పాలను కాచి, గట్టిపడ్డాక నమిలేవాళ్ళు. తాటిచెట్టుకు గీత పెట్టి కల్లు తీసినట్టే. ఆ జిగురును అమెరికాలో టామస్ ఆడమ్స్ అనే ఆయన వ్యాపారం చేశాడు. గమ్ తయారు చేసే యంత్రానికి 1871లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు చాలా కంపెనీలు సపోటా పాలు వాడడం లేదు. ఫ్యాక్టరీలో చేసిన రబ్బరులాంటి పదార్థం వాడుతున్నారు. అందుకే అది ఎంత నమిలినా అరగదు, కరగదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీరు చెయ్యకూడదని చెబుతున్నాను.

నేను టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని. పుస్తకాలు చదువుతాను. అయినా కిరాణా కొట్టుకు వెళ్ళి, రూపాయికి ఒకటి చొప్పున చేతికందిన గమ్ములు కొని తెచ్చేశాను. పొట్లం మీద ఏం రాసి ఉందో చూడలేదు. అమ్మకు ఇచ్చాను. "భలే తియ్యగా ఉందే" అంది. రోజుకు ఆరు నమిలింది. నేను సంతోషించాను. పది రోజుల తర్వాత ఖాళీ కాగితం ఒకటి గాలికి కొట్టుకొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి చదివాను. లోపల ఉన్న సరుకుల పేర్లలో మొదటి పేరు ఏంటో తెలుసా? చక్కెర! తలకొట్టేసినట్టయింది. ఇలాంటి గమ్ బిళ్ళ ఒక్కోదానిలో సుమారు 2 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆరు రెళ్ళు పన్నెండు గ్రాములు. రెండు చెంచాలకు పైమాటే. టీలో తీసేసిన చక్కెరను గమ్ములో పెట్టి నేనే ఇచ్చాను. పైగా అది పళ్ళ సందుల్లో గంటల తరబడి ఊరుతుంది కాబట్టి పళ్ళు కూడా పుచ్చుతాయి.

చదువు రాని వాళ్ళు మోసపోయారంటే అర్థం ఉంది. చదువు వచ్చీ చదవకపోతే ఏమనాలి? అమ్మ మాత్రం ఏమీ అనలేదు. "పోన్లేవే, పది రోజులు తియ్యగా గడిచింది" అంది.

కాబట్టి పొట్లం చదవడం నేర్చుకుందాం. చిక్కేంటంటే, వాటి మీద తెలుగు ఉండదు. ఇంగ్లీషు ఉంటుంది. భయం వద్దు. ఒక్క మాట గుర్తుపడితే చాలు. ఇదిగో, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. 'షుగర్' అనే మాట. ఇంగ్లీషులో దీనికి అయిదు అక్షరాలు. మొదటి అక్షరం పాము మెలి తిరిగినట్టు ఉంది. రెండోది పైన మూత లేని చెంబులా ఉంది. నాలుగోది రెండు వైపులా వాలిన పాకలా ఉంది, మధ్యలో అడ్డ కర్ర. పాము, చెంబు, ఆ తర్వాత ఒకటి, మళ్ళీ పాక. దీన్ని పది సార్లు దిద్దండి.

పొట్లం మీద సరుకుల పేర్లు వరసగా రాస్తారు. ఏది ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలని నియమం. మొదట్లోనే పాము, చెంబు కనిపించాయా? అది మనకు వద్దు. బిస్కెట్టు పొట్లమైనా, పిల్లల పాలల్లో కలిపే పొడి అయినా ఇలాగే చూడొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చక్కెర లేని గమ్ పొట్లం మీద కూడా ముందు వైపు 'షుగర్' అని ఉంటుంది! కానీ దాని పక్కనే ఇంకో మాట ఉంటుంది. 'ఫ్రీ' అని. నాలుగు అక్షరాలు. చివరి రెండూ కవలపిల్లలు. మూడు పళ్ళ దువ్వెనలు రెండు పక్కపక్కన నిలబెట్టినట్టు ఉంటాయి. పాము మాట, దాని పక్కన కవల దువ్వెనల మాట. రెండూ కలిసి ఉంటే 'షుగర్ ఫ్రీ', అంటే చక్కెర లేనిది. ఒక్కోసారి అక్షరాల రూపం మార్చి అందంగా రాస్తారు. అనుమానం వస్తే హైస్కూలు పిల్లల చేత చదివించుకోండి. ఇంట్లో పిల్లల్ని అడగడానికి సిగ్గేంటి?

మరి చక్కెర లేకుండా తియ్యగా ఎలా ఉంటుంది అంటారా? జైలిటాల్, సార్బిటాల్ అనే వేరే తీపి పదార్థాలు వేస్తారు. అవి నాలుకకు తీపే గానీ నోట్లోని క్రిములకు పనికిరావు. జైలిటాల్‌ను మొదట్లో ఒక రకం చెట్టు కర్ర నుంచి తీసేవారు. ఫిన్లాండు దేశంలో టుర్కు అనే ఊళ్ళో 1970ల్లో దీని మీద పరీక్షలు చేశారు. జైలిటాల్ గమ్ నమిలిన వాళ్ళకు పుచ్చు పళ్ళు తక్కువగా వచ్చాయి. నమిలితే నోట్లో నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు కూడా పళ్ళను కడుగుతాయి.

అలా అని పొద్దస్తమానం నమలకూడదు. మా అమ్మ రోజుకు రెండు, అన్నం తర్వాత ఒకటి, సాయంత్రం ఒకటి. పావుగంట నమిలి, కాగితంలో చుట్టి పారేస్తుంది. మింగకూడదు. ఎక్కువ నమిలితే ఆ తీపి పదార్థాల వల్ల కడుపు ఉబ్బరిస్తుంది, విరేచనాలు కూడా అవుతాయి. దవడ నొప్పి ఉన్నవాళ్ళు, కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు వీటి జోలికి పోవద్దు. చిన్నపిల్లలకు ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. జైలిటాల్ కుక్కలకు విషం. కాబట్టి ఇంట్లో కుక్క ఉంటే అందని చోట పెట్టండి. ఉమ్మేసిన గమ్ చెప్పుకు, చీర అంచుకు అంటుకుంటే ఎంత చికాకో చెప్పక్కర్లేదు. ఈ చికాకు పడలేక సింగపూరు దేశం 1992లో చూయింగ్ గమ్ అమ్మకాన్నే నిషేధించింది. తర్వాత 2004 నుంచి వైద్యానికి పనికొచ్చే రకాలను మాత్రం మందుల షాపుల్లో ఇవ్వనిచ్చింది.

"ఇవన్నీ కొనాలంటే డబ్బులు కావొద్దా?" అని ఎవరో గొణుగుతున్నారు. వినిపించింది పిన్నీ! కొనక్కర్లేదు. నమలడానికి మన వంటింట్లోనే ఉన్నాయి. సోంపు ఒక చిటికెడు. రంగురంగుల చక్కెర పూత పూసిన సోంపు కాదు, ఉత్త సోంపు. లేదంటే ఒక లవంగం, ఒక ఏలకు, చిన్న దాల్చిన చెక్క ముక్క. ఎండు ఉసిరి ముక్క అయితే ఎంతసేపయినా నోట్లో ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు వెయ్యని ఉసిరి చూసుకోవాలి. సాయంత్రం కాస్త ఆకలి కూడా ఉంటే గుప్పెడు వేయించిన శనగలు. నమలడానికి నమలడం, తిండికి తిండి. మా అమ్మ ఇప్పుడు గమ్ము కంటే సోంపే ఎక్కువ నములుతోంది. ఆ గమ్ములు నాకు మిగిలాయి. నేను ఎందుకు నములుతున్నానో ఇప్పుడు తెలిసిందా అత్తా?

ఇక అసలు భయం చెబుతాను. ఇందుకోసమే ఈ రోజు ఇంతసేపు మాట్లాడుతున్నాను.

మా వీధిలో ఒక వదిన ఉంది. ఆమెకూ తీపి మానెయ్యమన్నారు. నోరు ఊరుకోవడం లేదని వక్కపొడి పొట్లాలు మొదలుపెట్టింది. రోజుకు రెండు, తర్వాత అయిదు, తర్వాత పది. పొలంలో అందరూ వేసుకుంటారు, తనూ వేసుకుంది. రెండేళ్ళకు కారం తింటే నోరు మండడం మొదలైంది. తర్వాత నోరు తెరుచుకోవడం తగ్గింది. ఇప్పుడు ముద్ద పెట్టుకోవాలంటే వేళ్ళతో చిన్నది చేసి తోసుకుంటుంది. మనవడిని ముద్దాడడానికి నోరు సాగదు.

వక్క నమిలితే బుగ్గల లోపలి చర్మం గట్టిపడి బిగుసుకుపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది, పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ తెస్తుందని. గుట్కా, ఖైనీ, జర్దా సంగతి ఇక చెప్పాలా? పొగాకు వెయ్యకపోతే ఏం కాదులే అనుకునే వాళ్ళు ఈ మాట బాగా వినండి.

అందరూ ఒక పని చెయ్యండి. కుడిచేతి మూడు వేళ్ళు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, దగ్గరగా చేర్చి నిలువుగా పెట్టండి. నోరు తెరవండి. పై పళ్ళకు, కింద పళ్ళకు మధ్య మూడు వేళ్ళూ పడుతున్నాయా? పడితే మంచిదే. రెండే పడుతున్నాయంటే, నోట్లో తెల్ల మచ్చ గానీ ఎర్ర మచ్చ గానీ మానని పుండు గానీ ఉందంటే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి. వక్క ఆ రోజే మానెయ్యాలి. నవ్వుకుంటూ అయినా సరే, చేసి చూడండి. ఇంటికెళ్ళి మగవాళ్ళ చేత కూడా చేయించండి.

ఇంకొక్కటి. షుగర్ బిళ్ళలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళు జాగ్రత్తగా వినాలి. ఒక్కోసారి మందు వేసుకుని అన్నం ఆలస్యం చేస్తాం. అప్పుడు చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. గుండె దడదడలాడుతుంది. కళ్ళు తిరుగుతాయి. తీపి కావాలనిపిస్తుంది. ఇది యావ కాదు. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందన్న మాట. అప్పుడు సోంపు నములుతూ కూర్చోకూడదు. చక్కెర లేని గమ్ ఎందుకూ పనికిరాదు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఒకసారి తాగాలి. తగ్గాక ఏదైనా తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మా అమ్మ పొలం వెళ్ళేటప్పుడు కొంగున చిన్న చక్కెర పొట్లం కట్టుకుని వెళ్తుంది. చక్కెర మానేసిన మనిషి కొంగున చక్కెరేంటని మొదట్లో అందరూ నవ్వారు. ఒక రోజు పత్తి చేలో అది పనికొచ్చింది.

మా అమ్మ పుండు మానింది. టీ ఇప్పుడు రోజుకు రెండు, చక్కెర లేకుండా. మొదటి ఇరవై రోజులు ముఖం చిట్లించుకుని తాగింది. పోయిన నెల పరగడుపున 138 ఉంది. ఇంకా తగ్గాలి. ఇందులో బిళ్ళలెంత, టీ మార్చడమెంత, సోంపు ఎంత అంటే నేను చెప్పలేను. బిళ్ళలైతే ఒక్క పూట కూడా ఆపలేదు.

30 ఏళ్ళు దాటిన వాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. షుగర్, బీపీ, నోటి పరీక్షల సంగతి మన ఆశా కార్యకర్తను అడగండి, ఏఎన్ఎం గారు చూస్తారు. చీటీ ఇస్తే మడిచి దూలంలో దోపకండి. బడికి తీసుకురండి, అందరం కలిసి చదువుదాం.

వచ్చే మంగళవారం మీ ఇళ్ళల్లో ఉన్న బిస్కెట్టు, చాక్లెట్టు, గమ్ము ఖాళీ పొట్లాలు తీసుకురండి. పాము, చెంబు ఎక్కడ ఉన్నాయో వెతుకుదాం. వక్కపొడి పొట్లాలు కూడా తెండి, దాచొద్దు, ఎవరివని నేను అడగను. ఇప్పుడు పలకలు తియ్యండి. ముందు మీ టీ లెక్క వేసుకోండి. గ్లాసులు ఎన్ని, చెంచాలు ఎన్ని, నెలకు ఎంత.